మిషనరీ జీవితచరిత్ర రాయడం ఎలా? రిచర్డ్ బాలంటైన్ ఉదాహరణగా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలోని తెలుగు సంఘాలు వజ్రోత్సవమో శతజయంతో వచ్చినప్పుడు ఒక ప్రత్యేక సంచిక వేయడం ఆనవాయితీ. ఆ సంచికలో సంఘాన్ని నిలబెట్టిన తొలితరం మిషనరీ జీవితం తప్పకుండా ఉంటుంది. అయితే అది చాలావరకు వెనకటి సంచికలో వచ్చిన వ్యాసమే, కొత్త ఆధారమేదీ చేరకుండా మళ్లీ అచ్చవుతూ ఉంటుంది. సముద్రాలు దాటి వచ్చిన ఆ మనుషులు అంతకంటే మంచి చరిత్రకు అర్హులని నా గట్టి నమ్మకం. ఆధారాలు ఎక్కడ వెతకాలో, దొరికినవాటిని ఎలా జతపరచాలో తెలిస్తే, ఓపిక ఉన్న ఏ తెలుగు పాఠకుడైనా అటువంటి చరిత్ర రాయగలడు. ఆ పద్ధతిని వివరించడానికి ఇక్కడ ఒకే మనిషిని తీసుకుంటున్నాను. ఆయన మార్మన్ సంఘపు తొలితరం వలసదారు, మద్రాసులో పనిచేసిన మిషనరీ, అమెరికాలో ఒక పట్టణపు పాలకుల్లో ఒకరు. పేరు రిచర్డ్ బాలంటైన్.

ముందుగా ఆయన జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. బాలంటైన్ 1817 ఆగస్టు 26న స్కాట్లండ్‌లోని రాక్స్‌బర్గ్‌షైర్‌లో పుట్టారు. ప్రెస్బిటేరియన్ వాతావరణంలో పెరిగి, సండేస్కూల్లో పాఠాలు చెబుతూ ఉండగా 1842లో మార్మన్ సంఘంలో బాప్తిస్మం పొందారు. లోకం మార్మన్లని పిలిచే ఆ సంఘం అసలు పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. దానిని జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించారు. బాలంటైన్ 1843లో కుటుంబంతో సహా అమెరికా చేరి, ఇల్లినాయ్ రాష్ట్రంలో మార్మన్లు కట్టుకున్న నావూ పట్టణంలో కాపురం పెట్టారు. మరుసటి ఏడాదే ఒక మూక జోసెఫ్ స్మిత్‌ను కాల్చి చంపింది. 1846లో మార్మన్లు ఆ పట్టణాన్ని వదిలి పడమటి దారి పట్టారు. బాలంటైన్ 1848లో నేటి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ లోయకు చేరుకొని, 1849 డిసెంబర్ 9న తన సొంత ఇంట్లోనే పిల్లలకు సండేస్కూలు ప్రారంభించారు. ఆ లోయలో అదే మొదటిది కావడం వల్ల మార్మన్లు ఆయన పేరును నేటికీ తలచుకుంటారు. 1852లో ఇండియాకు పిలుపు వచ్చింది. 1855లో తిరిగి ఇల్లు చేరి, తరువాతి కాలంలో యూటాలోనే ఆగ్డెన్ పట్టణంలో స్థిరపడ్డారు. అక్కడ నగరసభలోను, వెబర్ కౌంటీ పాలనలోను బాధ్యతలు నిర్వహించి, 1898 నవంబర్ 8న కన్నుమూశారు.

ఒడిశా సరిహద్దులోని తెలుగువారికి ఈ కథతో ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. బాలంటైన్ మద్రాసులో దిగేనాటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం, ఛత్రపురం కచేరీల కాగితాలు మద్రాసుకే వెళ్లేవి. కాబట్టి మద్రాసులోని ఒక విదేశీ మిషనరీని గురించి వెతకడం నేర్చుకున్నవారికి మన ఊరి మిషనరీని గురించి వెతకడం కూడా వచ్చేస్తుంది. దారి ఒక్కటే. అయితే అదే కారణం చేత ఒక ప్రలోభం కూడా ఎదురవుతుంది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో తిరిగారు కాబట్టి మన జిల్లాకు కూడా వచ్చి ఉంటారని ఊహించి రాయాలనిపిస్తుంది. ఊరి మీది అభిమానంతో చేసినా అది తప్పే. ఆయన డైరీలో ఊరి పేరు చూసిన తరువాతే రాయాలి.

మూడు సంచుల పద్ధతి

బాలంటైన్ వంటి మనిషి బతికినది ఒక్క జీవితమే అయినా ఆ జీవితం మూడు రకాల కాగితాల్లో నమోదై ఉంటుంది. మతకార్యం సంఘపు దస్త్రాల్లో ఉంటుంది, ప్రయాణాలు ఓడల పట్టికల్లోను వలసబృందాల జాబితాల్లోను ఉంటాయి, పదవులు ప్రభుత్వ రికార్డుల్లోను స్థానిక పత్రికల్లోను ఉంటాయి. సంఘపు కాగితం ఆయనను పొగుడుతుంది, ప్రత్యర్థుల పత్రిక తిడుతుంది, ఓడ పట్టిక పేరు, వయసు మాత్రమే రాసి ఊరుకుంటుంది. ఈ మూడింటినీ మొదటిరోజు నుంచే విడివిడి సంచుల్లో పెట్టుకోవాలి. ఏ మాట ఏ సంచిలోనిదో చివరివరకు గుర్తుంచుకున్న రచయితే నమ్మదగిన చరిత్ర రాయగలుగుతాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

మొదటి సంచికి కావలసినవి సాల్ట్ లేక్ సిటీలోని చర్చ్ హిస్టరీ లైబ్రరీలో ఉన్నాయి. బాలంటైన్ స్వయంగా రాసుకున్న డైరీలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ గ్రంథాలయం జాబితాను ఇంట్లో కూర్చునే ఉచితంగా వెతకవచ్చు. అందులోని పాత రాతప్రతుల్లో అనేకం ఫోటోల రూపంలో తెరమీదనే చదువుకోవచ్చు. తొలినాటి మిషనరీల పట్టికను, పడమటికి బండ్లపై వెళ్లిన బృందాల పట్టికను కూడా ఆ సంఘం అందరికీ అందుబాటులో ఉంచింది. రెండవ సంచికి, పాత కుటుంబ రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటు బాగా ఉపయోగపడుతుంది. మూడవ సంచికి యూటా రాష్ట్ర పాత పత్రికల డిజిటల్ భాండాగారం, యూటా స్టేట్ ఆర్కైవ్స్ ముఖ్యమైనవి.

ఇక మన దేశంలో వెతకవలసిన చోట్లు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ రికార్డులు ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే కన్నెమరా గ్రంథాలయం ఉంది. ఆర్కైవ్స్‌కు వెళ్లేముందు మీ పనిని వివరించే ఉత్తరం, గుర్తింపు కార్డు, వెతకవలసిన సంవత్సరాలు, శాఖల పేర్లు రాసుకున్న కాగితం సిద్ధం చేసుకోండి. మిషనరీల గురించి ఏమున్నాయని అడిగితే అక్కడి గుమాస్తా చేయగలిగింది పెద్దగా ఉండదు. 1853, 1854 సంవత్సరాల పబ్లిక్ డిపార్ట్‌మెంటు ఇండెక్సు కావాలని అడిగితే పని ముందుకు సాగుతుంది. ఈస్టిండియా కంపెనీ కాలపు కాగితాల మరో ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరి ఉంటుంది కాబట్టి, చెన్నైలో చెదలు తిన్న పుట గురించి అక్కడ విచారించవచ్చు.

ఒక్క సంఘటనకు ఒక్క కాగితం

దొరికిన ప్రతి సంగతినీ నోటుపుస్తకంలో వరుసగా రాసుకుంటూ పోతే నెల తిరిగేసరికి ఏది ఎక్కడుందో తెలియదు. సంఘటనకొక కాగితం చొప్పున కేటాయించి, పైన తేదీ, దాని కింద జరిగిన విషయం, ఆ కింద దానిని ఎవరు రాశారు, జరిగిన ఎన్నాళ్లకు రాశారు అన్నవి రాయాలి. సండేస్కూలు కాగితాన్నే చూడండి. పైన 1849 డిసెంబర్ 9, ఆదివారం. విషయం, బాలంటైన్ ఇంట్లో పిల్లల తరగతి మొదలైంది. ఇంతవరకు అన్ని కథనాలూ ఏకీభవిస్తాయి. కానీ పిల్లలు ఎంతమంది వచ్చారంటే ముప్ఫై అని ఒకచోట, యాభై అని మరొకచోట కనిపిస్తుంది. ఇటువంటప్పుడు సగటు తీసి నలభై అని రాయడం, లేదా ఎక్కువ సంఖ్య గొప్పగా ఉందని యాభైని ఎంచుకోవడం రెండూ సరికావు. రెండు అంకెలనూ కాగితం మీద ఉంచి, సంఘటనకు దగ్గరగా రాసినది ఏదో కనుక్కొని, అది తేలనప్పుడు ముప్ఫై నుంచి యాభై మంది వరకు అని పాఠకుడికి చెప్పాలి.

ఆ వారం రోజు సరిచూడడం కూడా అలవాటు చేసుకోండి. 1849 డిసెంబర్ 9 నిజంగానే ఆదివారం. సండేస్కూలు మొదలైందని చెప్పే తేదీ బుధవారమో గురువారమో అయితే ఎక్కడో పొరపాటు పడిందని వెంటనే అర్థమవుతుంది. మన సంచికల్లోని ప్రతిష్ఠ ఆరాధనల తేదీలను, బాప్తిస్మాల తేదీలను ఈ విధంగా పరీక్షిస్తే చాలా తప్పులు బయటపడతాయి.

పేర్ల విషయంలో ఒక్క మాట. బాలంటైన్, బాల్లంటైన్, బలాంటిన్ అంటూ పుటకొక విధంగా రాయకుండా మొదటే ఒక రూపం నిర్ణయించుకోవాలి. వెతికేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో సాధ్యమైన అక్షరక్రమాలన్నిటితో వెతకాలి, ఎందుకంటే ఓడ గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు.

మిషన్ కాలాన్ని రాయడం

జీవితచరిత్రలో అందరికీ ఆసక్తి కలిగించే భాగం ఇదే, అందరూ ఎక్కువగా పెంచి రాసేదీ ఇదే. ముందు కాలక్రమాన్ని గట్టిగా పట్టుకోవాలి. 1852 ఆగస్టు ఆఖరున సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ప్రత్యేక సమావేశంలో అనేక దేశాలకు మిషనరీలను పిలిచారు. ఇండియాకు తొమ్మిదిమంది, సయాముకు (నేటి థాయిలాండ్) నలుగురు బయలుదేరారు. ఆ శరదృతువులో ఎడారి దారిన కాలిఫోర్నియా తీరం చేరి, 1853 జనవరి ఆఖరులో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో మాన్సూన్ అనే ఓడ ఎక్కి, ఏప్రిల్ 25న కలకత్తాలో దిగారు. అక్కడి నుంచి బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్ మద్రాసుకు వచ్చారు. బాలంటైన్ అక్కడ సుమారు ఏడాదిపాటు ఉండి, ఇంగ్లీషులో ఒక చిన్న మాసపత్రిక కూడా అచ్చువేయించి, 1854లో ఓడెక్కి ఇంగ్లండుకు వెళ్లిపోయారు. స్కెల్టన్ మాత్రం 1856 వరకు ఇండియాలోనే ఉన్నారు.

ఫలితం మాటకొస్తే, మద్రాసులో వారి సంఘంలో చేరినవారు బహు కొద్దిమంది. ఇక్కడే రచయిత నిజాయితీ తేలుతుంది. వేలమంది రక్షింపబడ్డారని రాయడానికి మన చేతులు అలవాటుపడి ఉన్నాయి. కొద్దిమందే చేరారని రాసి, ఎందుకు అలా జరిగిందో పరిశీలిస్తే చరిత్ర ఎంతో లోతుగా ఉంటుంది, ఆ మనిషి మీద గౌరవం కూడా తగ్గదు. కారణాలు కాగితాల్లోనే ఉన్నాయి. మిషనరీలను పిలిచిన ఆ ఆగస్టు సమావేశంలోనే, 29వ తేదీన, మార్మన్లు తమలో బహుభార్యాత్వం ఉందని లోకానికి బహిరంగంగా ప్రకటించారు. ఆ వార్త ఇక్కడి పాదిరీల చేతిలో బలమైన ఆయుధమైంది. వచ్చినవారు ముఖ్యంగా ఇంగ్లీషు తెలిసిన యూరోపియన్లను, యూరేషియన్లను (యూరోపియన్, భారతీయ మిశ్రమ సంతతివారిని), దండులోని (కంటోన్మెంటులోని) సైనికులను ఉద్దేశించి బోధించారు. దండులోకి అడుగుపెట్టాలంటే అధికారి అనుమతి కావాలి, అధికారి చర్చి మతాచార్యుని మాట వింటాడు. జీతం లేకుండా, ఇచ్చినవారి ఇంట తిని బోధించే వారి పద్ధతి కూడా, బంగళాలూ నౌకర్లూ ఉన్న దొరలకు అలవాటుపడిన ఈ దేశంలో వారికి పరపతిని తెచ్చిపెట్టలేదు.

పోల్చి చూడడానికి మన పక్కనే మంచి ఉదాహరణలున్నాయి. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు ముందు తెలుగు నేర్చుకున్నారు, క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని సహాయంతో సువార్తలను తెలుగు చేశారు, అవి 1812లో కలకత్తా దగ్గరి సేరంపూరులో అచ్చయ్యాయి. తెలుగువారి మధ్య ఏళ్లతరబడి కూర్చొని భాష నేర్చినవారికి, ఏడాదిలో ఓడెక్కినవారికి ఫలితంలో తేడా ఉండడం సహజం. తెలుగువారిలో మార్మన్ సంఘం వేళ్లూనుకున్నది అంతకు నూటపాతికేళ్ల తరువాత, 1970ల ఆఖరులో, హైదరాబాదులో, అదీ బంధువుల ఇళ్లలో. భారతదేశంలో ఆ సంఘపు మొదటి స్టేక్ (అనేక స్థానిక సంఘాలను కలిపిన పాలనా విభాగం) 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. బాలంటైన్ చరిత్ర రాసేవారు ఈ సంగతిని ఒక పేరాలో చెప్పవచ్చు గాని, ఆయన వేసిన విత్తనమే ఇన్నాళ్లకు మొలిచిందని మాత్రం రాయకూడదు, ఎందుకంటే ఆ రెండింటినీ కలిపే దారం లేదు.

తిరుగు ప్రయాణాన్ని కూడా మిషన్‌లో భాగంగానే రాయాలి. 1855 జనవరిలో లివర్‌పూల్ నుంచి చార్లెస్ బక్ అనే ఓడలో సుమారు నాలుగు వందలమంది వలసదారులకు నాయకుడిగా బయలుదేరి, న్యూ ఆర్లియన్స్ మీదుగా నదీమార్గాన పైకి వెళ్లి, కాన్సస్ ప్రాంతంలోని మార్మన్ గ్రోవ్ అనే విడిది నుంచి ఎడ్లబండ్ల బృందాన్ని నడిపించి, సెప్టెంబర్ 25న సాల్ట్ లేక్ సిటీ చేర్చారు. ఆ బృందంలో నడిచినవారు రాసుకున్న జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. నాయకుని డైరీ పక్కన వాటిని పెట్టి చదివితే, ఒకే రోజును ఇద్దరు ఎంత వేరుగా చూశారో తెలుస్తుంది.

ఈ మూడేళ్లూ ఇంటి దగ్గర ఎవరున్నారని కూడా అడగండి. 1847లో వివాహమాడిన హల్డా మెరయా క్లార్క్ చిన్నపిల్లలను పెట్టుకొని కొత్త ఊరిలో సంసారం ఈదుకొచ్చారు. బాలంటైన్ తరువాత మేరీ పియర్స్‌ను, కారొలైన్ సాండర్సన్‌ను కూడా పెళ్లాడారు. కొందరు భక్తులు ఈ సంగతిని దాటవేస్తారు, కొందరు విమర్శకులు దీనినే పుస్తకమంతా చేస్తారు. పెళ్లిళ్ల తేదీలు, పిల్లల పేర్లు, ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారో సాదాగా చెప్పడం మేలు. మన మిషనరీల చరిత్రల్లో కూడా దొరసాని అన్న ఒక్క మాటతో సరిపెట్టిన స్త్రీల పేర్లు వెలికితీసి రాయాలని నా విన్నపం. బడులు నడిపింది, ఇళ్లలోని ఆడవారితో మాట్లాడగలిగింది చాలాచోట్ల వారే.

పదవుల కథ

స్థానిక రాజకీయాన్ని మన రచయితలు ఒక్క వాక్యంలో దాటేస్తారు. బాలంటైన్ విషయంలో అలా చేస్తే సగం జీవితం పోతుంది. యూటా 1850లో టెరిటరీ (ఇంకా రాష్ట్రహోదా లేని ప్రాంతం) అయింది, 1896 జనవరి 4న మాత్రమే రాష్ట్రమైంది. ఆ మధ్యకాలంలో సంఘపెద్దలే పట్టణ పెద్దలు కావడం మామూలు. 1869 మే 10న తూర్పు, పడమర రైలుమార్గాలు ప్రొమాంటరీ దగ్గర కలిసిన తరువాత ఆగ్డెన్ జంక్షన్ పట్టణమై, మార్మన్లు కాని వ్యాపారులు, కూలీలు వచ్చిపడ్డారు. 1870లో మార్మనేతరులు లిబరల్ పార్టీ పెట్టుకోగా, మార్మన్లు పీపుల్స్ పార్టీగా నిలిచారు. అటువంటి ఊరిలో రోడ్లు, నీటి కాలువలు, పన్నులు నిర్ణయించే స్థానంలో ఆయన కూర్చున్నారు, ఆగ్డెన్ జంక్షన్ అనే పత్రికను కొంతకాలం నడిపారు, మరోపక్క సండేస్కూళ్ల బాధ్యత చూశారు.

కాబట్టి సభల మినిట్స్ పుస్తకం అడగండి. ఎవరు ఏ తీర్మానం ప్రతిపాదించారు, ఎవరు కాదన్నారు, ఏ కాలువకు ఎంత మంజూరైంది అన్నవి అందులో ఉంటాయి. అదే వారం వచ్చిన రెండు పార్టీల పత్రికలనూ పక్కపక్కన చదవండి. 1882 సంవత్సరం దగ్గర తప్పకుండా ఆగండి. ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ చేసిన ఎడ్మండ్స్ చట్టం బహుభార్యలున్నవారికి ఓటును, పదవులను నిషేధించింది. అరవై దాటిన వయసులో ముగ్గురు భార్యల భర్తగా ఉన్న ఆయన వంటివారి తరాన్ని ఆ చట్టం ప్రజాజీవితం నుంచి ఎలా తప్పించిందో చెప్పకుండా ఆ చరిత్ర పూర్తికాదు.

మన ఊళ్లలో ఇదే పని

బరంపురంలో ఇంగ్లండు జనరల్ బాప్టిస్టులు, పర్లాకిమిడి వైపు కెనడియన్ బాప్టిస్టులు, జయపురం, కోరాపుట్ వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు. ఇంగ్లండు బాప్టిస్టుల కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని రీజెంట్స్ పార్క్ కాలేజీ ఏంగస్ గ్రంథాలయంలో, కెనడా వారివి ఒంటారియోలోని హామిల్టన్‌లో ఉన్నాయి. ఇమెయిలులో పేరు, ఊరు, సంవత్సరం స్పష్టంగా రాసి అడిగితే చాలు. మునిసిపల్ కౌన్సిలుకో తాలూకా బోర్డుకో నియమితులైనవారి పేర్లు 1936కు ముందైతే మద్రాసు ప్రభుత్వ ప్రకటనలు వచ్చే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్‌లో, తరువాతైతే ఒరిస్సా గెజెట్‌లో చూడాలి. రెండవదానికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. పర్లాకిమిడి సంస్థానం 1936లో రెండుగా చీలి కొంత భాగం మద్రాసులోనే ఉండిపోయింది కాబట్టి, పాతపట్నం, టెక్కలి వైపు గ్రామాల కాగితాల కోసం శ్రీకాకుళం వైపు కూడా వెతకవలసి ఉంటుంది.

పెద్దల దగ్గరకు వెళ్లినప్పుడు దొరగారు ఎలాంటివారండీ అని అడిగితే చాలా మంచివారు నాయనా అన్న జవాబే వస్తుంది. దానికి బదులు, పిన్నిగారూ, మీ అమ్మగారి పాత బైబిలు ఉందా, ఒకసారి చూపిస్తారా అని అడగండి. మొదటి పుటల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు తేదీలతో రాసి ఉంటాయి. ఒక్కొక్కసారి సిరా రంగు మారిన చోట రాసిన చెయ్యి మారిందని, అంటే తరం మారిందని తెలుస్తుంది. ఫోటో తీసుకొని బైబిలును అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి, ఇంటికి తీసుకుపోవద్దు.

సమాధి రాళ్లను పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చదవాలి. మట్టి ఉంటే మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు; ఆసిడ్, ఇనుప బ్రష్షు, సుద్ద తగలనివ్వవద్దు. అక్షరాలు చెరిగిపోయినచోట, 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సమాధి శాసనాల జాబితాతో పోల్చుకోవచ్చు.

రాయడం మొదలుపెట్టేటప్పుడు పుట్టుకతోనే ప్రారంభించాలన్న నియమమేదీ లేదు. ఆధారం అన్నిటికన్నా గట్టిగా ఉన్న సంఘటనతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి, ముందుకు వెళ్లవచ్చు. డైరీలో ఉన్నదానికి ఆయన రాసుకున్నారు అని, పత్రికలో ఉన్నదానికి పత్రిక రాసింది అని, పెద్దలు చెప్పినదానికి చెబుతారు అని క్రియను మార్చి రాస్తే పాఠకుడికి ఏ మాట ఏ సంచిలోనిదో అడుగడుగునా తెలుస్తూ ఉంటుంది. చిత్తుప్రతిని ఆ కుటుంబంవారికి ఒకటి, ఆ సంఘంవారికి ఒకటి, ఆ సంఘానికి చెందని ఒక చదువరికి ఒకటి ఇచ్చి, ముగ్గురూ అభ్యంతరం చెప్పిన చోట్లన్నిటా ఆ కాగితం మళ్లీ తీసి చూడండి. అచ్చయిన తరువాత ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయానికి, ఒకటి భువనేశ్వర్ ఆర్కైవ్స్‌కు పంపి, సంఘటనల కాగితాల కట్టను సంవత్సరాల వారీగా పేర్చి సంఘపు బీరువాలో ఉంచండి. వచ్చే సంచిక రాసేవారు దానితో మొదలుపెడతారు.